తాళం వేసిన ఇంటి బాధ్యత
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జప్తు ఇళ్లు, కబ్జాలు, ఏజెంట్ల భద్రత
(స్మారక ఉపన్యాస పాఠం)

1. విషయం, పరిధి

అప్పు తీరక బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇల్లు, మరొకరు కొని కాపురం పెట్టేదాకా ఖాళీగా ఉంటుంది. ఈ మధ్యకాలం కొన్ని ఇళ్లకు నెలల్లో ముగుస్తుంది, కొన్నింటికి ఏళ్లు పడుతుంది. అంతకాలమూ హక్కు పత్రం రుణగ్రహీత పేరిటే ఉంటుంది, గోడ మీద అంటించిన నోటీసు బ్యాంకు పేరిట ఉంటుంది, తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరుందో చెప్పేవారు ఉండరు. అనుమతి లేని మనుషులు ఇంట్లో చేరేది ఈ వ్యవధిలోనే. కొనుగోలుదారును వెంటబెట్టుకొని వచ్చిన రియల్ ఎస్టేట్ ఏజెంటు, లోపల ఎవరున్నారో తెలియకుండా తలుపు తీసేదీ ఈ వ్యవధిలోనే.

ఖాళీ ఇళ్ల కబ్జాను ఆస్తి తగాదాగా, ఏజెంటు భద్రతను వ్యక్తిగత జాగ్రత్తగా విడివిడిగా చూడడం అలవాటైంది. నిజానికి రెండింటికీ మూలం ఒకటే. కాగితం మీద స్వాధీనానికీ, నేల మీద స్వాధీనానికీ మధ్య ఎవరూ పూచీ పడని కాలం ఉంది. ఆ కాలాన్ని తగ్గించి, అందులో ప్రతి రోజుకూ ఒక మనిషిని బాధ్యుడిగా నిలిపితే కబ్జా తగ్గుతుంది, ఏజెంటు ప్రాణానికి ముప్పు కూడా తగ్గుతుంది. ఈ ఉపన్యాసం ఆ మాటను పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) దక్షిణ భాగంలోని మూడు జిల్లాల పరిస్థితులను ఆధారం చేసుకొని వరుసగా పరిశీలిస్తుంది.

2. ఇళ్లు ఖాళీ పడే తీరు

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డ, సంస్థానాల కాలం నుంచి పేరున్న వనపర్తి, కొల్లాపూర్, నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ ఈ మూడు జిల్లాల్లో ఉన్నాయి. ఇక్కడ తాళం వేసిన ఇల్లు కొత్త దృశ్యం కాదు. బతుకుదెరువు కోసం ముంబయి, పుణె, హైదరాబాద్ వెళ్లే కుటుంబాలు తరతరాలుగా ఇంటికి తాళం వేసి పోతూనే ఉన్నాయి. తాళంచెవి ముసలి తల్లిదండ్రుల దగ్గరో పక్కింటి వారి దగ్గరో ఉంటుంది. ఊరి కళ్లు ఆ ఇంటిని కాస్తాయి.

వలస ఒక్కటే కారణం కాదు. శ్రీశైలం జలాశయం కింద 1981లో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు మునిగి, జనం ఇళ్లు వదిలి లేచిపోవలసి వచ్చింది. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి వంటి చోట్ల ఇళ్లు కూలాయి, కుటుంబాలు చెదిరాయి. ఇలాంటి ఖాళీలకు పరిహారం, పునరావాసం అనే వేరే దారి ఉంది. ఇక్కడ ప్రధానంగా చూడవలసింది అప్పు వల్ల ఖాళీ పడే ఇల్లు.

అప్పు ఇల్లు పల్లెలో తక్కువ, పట్టణంలో ఎక్కువ. గ్రామకంఠంలోని ఇంటికి చాలాసార్లు రిజిస్టరైన హక్కు పత్రం ఉండదు. ఇంటి పన్ను రశీదు, సాదా బైనామా, ఊరందరి ఎరుక మాత్రమే ఉంటాయి. అలాంటి ఇంటిని బ్యాంకు తనఖాగా తీసుకోవడానికి వెనుకాడుతుంది. అందుకే బ్యాంకు స్వాధీనంలోకి వచ్చే ఇళ్లు గద్వాల, అయిజ, వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ వంటి పురపాలక పట్టణాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. జిల్లా కేంద్రాలు ఏర్పడ్డాక 44వ జాతీయ రహదారి వెంట, కలెక్టరేట్ల చుట్టూ వెంచర్లు పెరిగాయి. ఊరి నడిబొడ్డున ఉన్న ఇంటికి పక్కవారి కాపలా ఉంటుంది. నాలుగు ఇళ్లు, నలభై ఖాళీ ప్లాట్లు ఉన్న వెంచర్‌లో ఆ కాపలా లేదు. కబ్జాకు అనువైన చోటు అదే, ఏజెంటుకు ప్రమాదకరమైన చోటూ అదే.

అప్పుల స్వభావాన్ని కూడా గమనించాలి. నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి పేరు పడింది. అక్కడ కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్లు పెట్టుబడి పెట్టి, పంట లెక్కలో సర్దుబాటు చేస్తారు. బ్యాంకు బయట ఇలా సాగే అప్పుల్లో ఇంటిని పూచీ చూపడం ఉంది, అగ్రిమెంటు రాయించుకోవడమూ ఉంది. అయితే ప్రైవేటు రుణదాతకు కోర్టు గడప తొక్కకుండా ఇంటికి తాళం వేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. అలా తాళం వేస్తే అది జప్తు కాదు, ఆక్రమణ. ఏజెంటు ఒక ఇంటిని అమ్మకానికి తీసుకునే ముందు తెలుసుకోవలసిన మొదటి తేడా ఇదే.

3. అప్పు నుంచి స్వాధీనం దాకా

కోర్టుకు వెళ్లకుండా తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకొని అమ్మే అధికారాన్ని బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు, అప్పీలుకు ముందే 75 శాతం సొమ్ము కట్టాలన్న షరతును కొట్టివేసి, మిగతా చట్టాన్ని సమర్థించింది. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. బాకీ అసలు, వడ్డీలు కలిపిన మొత్తంలో 20 శాతం కంటే తగ్గినా వర్తించదు. బ్యాంకేతర ఆర్థిక సంస్థ అయితే, ఆస్తులు 100 కోట్ల రూపాయలకు తగ్గకుండా ఉండి, అప్పు 20 లక్షలకు తగ్గకుండా ఉన్నప్పుడే ఈ అధికారం వాడగలదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల లెక్క వేరు.

వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతాను నిరర్థకంగా వర్గీకరిస్తారు. ఆ తరువాత బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. రుణగ్రహీత అభ్యంతరం తెలిపితే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. గడువు ముగిశాక బ్యాంకు అధీకృత అధికారి స్వాధీన నోటీసును తలుపు మీద అంటించి, ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో ప్రచురించాలి. ఆ రెండింటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. రుణగ్రహీతకు అన్యాయం జరిగిందనిపిస్తే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ ట్రిబ్యునల్ హైదరాబాద్‌లో ఉంది. గద్వాల నుంచో అచ్చంపేట నుంచో అంత దూరం పోయి వకీలును పెట్టుకోలేని కుటుంబం, నోటీసు అంటిన రోజే ఇల్లు వదిలి పోవచ్చు, లేదా ఏమైతే అదవుతుందని అందులోనే ఉండిపోవచ్చు. తరువాతి చిక్కులు ఈ రెండు నిర్ణయాల నుంచే మొదలవుతాయి.

స్వాధీనం రెండు రకాలు. నోటీసు అంటించి ప్రచురించడంతో ముగిసేది సింబాలిక్ స్వాధీనం. మనుషులను ఖాళీ చేయించి, సామాను జాబితా రాసి, తాళం వేసి తీసుకునేది భౌతిక స్వాధీనం. మొదటిదీ చట్టపరమైన చర్యేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ప్రతిఘటన ఉన్నప్పుడు భౌతిక స్వాధీనం కోసం బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటును, అంటే కలెక్టరును కోరవచ్చు. చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకూ ఆ అధికారం ఉందని 2019లో తీర్పు వచ్చింది. దరఖాస్తుపై 30 రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతోంది. 2016కు ముందు ఈ ప్రాంతపు దరఖాస్తులన్నీ మహబూబ్‌నగర్ కలెక్టరేటుకు పోయేవి. ఇప్పుడు మూడు జిల్లాలకు ముగ్గురు కలెక్టర్లు ఉన్నారు. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులూ వచ్చాయి. స్వాధీనం ఆలస్యం కావడానికి దూరాన్ని కారణంగా చూపే రోజులు పోయాయి.

వేలానికి ముందు 30 రోజుల అమ్మకపు నోటీసు ఇవ్వాలి. పాటలో గెలిచినవారు అదే రోజు, లేదంటే మరుసటి పనిదినంలోగా 25 శాతం, 15 రోజుల్లో మిగతాది కట్టాలి. వేలం ప్రకటనల్లో ‘ఉన్నది ఉన్నట్టుగా, ఎక్కడున్నది అక్కడే’ అన్న షరతు తప్పక ఉంటుంది. సింబాలిక్ స్వాధీనంలోని ఇంటికి ఈ షరతు చేరిందంటే, లోపలి మనుషులను ఖాళీ చేయించే భారం కొన్నవారి నెత్తిన పడవచ్చు. కొనబోయేవారికి ఈ విషయం విడమరచి చెప్పడం ఏజెంటు ధర్మం.

4. ఖాళీ ఇంట్లో చేరేవారు

ఖాళీ ఇంట్లో కనిపించే ప్రతివారినీ కబ్జాదారు అనలేము. ఎవరు, ఏ హక్కుతో, ఎప్పటి నుంచి ఉన్నారన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది, వ్యవహరించవలసిన తీరూ మారుతుంది.

మొదటివారు రుణగ్రహీత, ఆయన కుటుంబం. సింబాలిక్ స్వాధీనం తరువాత వారు ఇంట్లోనే ఉండడం సాధారణం. వారు దొంగతనంగా చొరబడినవారు కారు, ఇల్లు పోగొట్టుకుంటున్నవారు. పిల్లల చదువు, ముసలివారి ఆరోగ్యం, నలుగురిలో పరువు అన్నీ ఆ ఇంటితో ముడిపడి ఉంటాయి. చెప్పాపెట్టకుండా కొనుగోలుదారుతో వచ్చి తలుపు తట్టిన ఏజెంటు వారి కోపానికి గురి కావడంలో వింత లేదు.

రెండోవారు కిరాయిదారులు. తనఖాకు ముందే చెల్లుబాటయ్యే లీజు ఉన్నవారికి రక్షణ ఉందని 2014 నుంచి 2019 దాకా వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు చెబుతున్నాయి. నోటీసు వచ్చాక రాయించుకున్న కిరాయి కాగితానికి ఆ బలం లేదు. రిజిస్ట్రేషన్ లేని నోటి మాట కిరాయి ఎక్కువగా ఉండే ఈ పట్టణాల్లో, తనఖా తేదీనీ కిరాయి మొదలైన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడోవారు కాపలాకో నమ్మకం మీదో తాళంచెవి పుచ్చుకున్న బంధువులు, తెలిసినవారు. వలస కుటుంబాల ఇళ్లలో ఈ రకం ఎక్కువ. ఎన్నేళ్లు ఉన్నా కాపలాదారుకూ సేవకుడికీ ఆస్తిలో హక్కు పుట్టదని 2012లో మారియా మార్గరిడా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాపలాకు పెట్టామన్న ఒక్క ముక్క కాగితం మీద ఉంటే ఈ తీర్పు యజమానికి సూటిగా అక్కరకు వస్తుంది. లేకపోతే ఏళ్ల తరబడి సాక్ష్యాలు వెతుక్కోవలసి వస్తుంది.

నాలుగోవారు ఇల్లు లేని పేదలు. తెలంగాణలో 2015లో మొదలైన రెండు పడక గదుల ఇళ్ల పథకం కింద 560 చదరపు అడుగుల ఇళ్లు కట్టారు. పలు పట్టణాల్లో ఇళ్లు పూర్తయినా పంపిణీ జరగక తాళాలతో నిలిచాయి. రాష్ట్రంలో కొన్నిచోట్ల పేద కుటుంబాలు తాళాలు పగలగొట్టి అందులో చేరితే, అధికారులు పోలీసులతో వచ్చి ఖాళీ చేయించారు. ఖాళీగా నిలిచిన ఇళ్లూ, గూడు లేని కుటుంబాలూ ఒకే ఊళ్లో ఎదురుబొదురుగా ఉంటే ఏమవుతుందో ఆ ఘటనలు చూపాయి.

అయిదోవారు వృత్తిగా కబ్జా చేసేవారు. వీరు ముందు ఒక కుటుంబాన్ని లోపల ఉంచుతారు. తరువాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదు తమ పేరిట తెచ్చుకుంటారు. పాత తేదీతో అగ్రిమెంటు తయారవుతుంది. ఆపైన పెద్దమనుషుల పంచాయితీ పెట్టించి, ఖాళీ చేయడానికి డబ్బు అడుగుతారు. పన్ను రశీదు హక్కు పత్రం కాదు, కరెంటు మీటరూ కాదు. అయినా అవి ఉంటే తగాదా సాగదీయడానికి పనికొస్తాయి.

చివరివారు నివాసం కోసం రానివారు. తాగుడుకు, పేకాటకు, దొంగసొత్తు దాచడానికి చీకటి పడ్డాక చేరేవారు. వీరికి ఇంటి మీద హక్కు కావాలన్న కోరిక లేదు. బయటపడకూడదన్న భయం మాత్రం ఉంటుంది. ఏజెంటుకు అన్ని రకాలకన్నా ఎక్కువ అపాయం వీరి నుంచే.

5. స్వాధీనం గురించి చట్టం చెప్పేది

పన్నెండేళ్లు కూర్చుంటే ఇల్లు సొంతమవుతుందన్న మాట జనంలో బలంగా ఉంది. 1963 పరిమితి చట్టం ప్రకారం ప్రైవేటు ఆస్తిని తిరిగి పొందే దావాకు గడువు 12 ఏళ్లు, ప్రభుత్వ ఆస్తికి 30 ఏళ్లు. కానీ ఏళ్లు గడిస్తే చాలదు. స్వాధీనం బహిరంగంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును ధిక్కరిస్తూ సాగిందని నిరూపించాలి. అనుమతితో మొదలైన నివాసం ఎన్నేళ్లయినా దానంతట అది ఆ కోవలోకి రాదు. ఈ సూత్రం నిజాయతీ గల యజమానికి అన్యాయం చేస్తోందని సుప్రీంకోర్టు 2008లో ఆవేదన చెందింది. 2019లో ఇదే సూత్రం కింద హక్కు కోరుతూ వాది కూడా దావా వేయవచ్చని అంది. లా కమిషన్ 2023లో తన 280వ నివేదికలో చట్టాన్ని మార్చనక్కర లేదని సిఫారసు చేసింది. తాళం వేసి ఏళ్ల తరబడి దూరంగా ఉండే కుటుంబాలు కనీసం ఏడాదికోసారి వచ్చి ఇల్లు చూసుకొని, పన్ను తమ పేరిట కట్టి, రశీదులు దాచుకోవాలి. ఈ చట్టానికి అదే తగిన విరుగుడు.

యజమాని అయినా సొంత బలంతో ఖాళీ చేయించవచ్చా అన్నది రెండో ప్రశ్న. స్థిరపడిన స్వాధీనంలో ఉన్నవారిని చట్టబద్ధంగా తప్ప బలవంతంగా తొలగించరాదని రామేగౌడ కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో పూనారామ్ కేసులో మళ్లీ చెప్పింది. నిన్నో మొన్నో దొంగచాటుగా చొరబడినవారి స్వాధీనం స్థిరపడినది కాదని కూడా ఆ తీర్పులే అన్నాయి. కాబట్టి కబ్జాను ఎంత తొందరగా గుర్తిస్తే పరిష్కారం అంత తేలిక. అన్యాయంగా బయటికి నెట్టబడినవారు ఆరు నెలల్లో నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేస్తే, హక్కు రుజువు చేయకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు.

నేర చట్టం వైపు చూస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఇంట్లోకి నేరపూరితంగా ప్రవేశించినవారికి ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. తాళం పగలగొట్టి చొరబడితే 331వ సెక్షన్ కింద శిక్ష పెరుగుతుంది. తగాదా కొట్లాటకు దారితీసేలా ఉంటే, ఎవరి స్వాధీనంలో ఉందన్నంత వరకు భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటు విచారించవచ్చు. ఇవి కాక 1982 భూ ఆక్రమణల నిషేధ చట్టం ఉంది.

ఇతర దేశాలు వేరు వేరు దారులు పట్టాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో నివాస భవనాన్ని ఆక్రమించి ఉండడాన్ని 2012 సెప్టెంబరు 1 నుంచి నేరంగా మార్చారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2024లో, నిర్ణీత షరతులు కుదిరితే యజమాని వినతిపై షెరీఫ్ వెంటనే ఖాళీ చేయించేలా చట్టం తెచ్చింది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత జప్తు ఇళ్లు గుట్టలు పడిన ఆ దేశంలో, ఇల్లు శుభ్రంగా వదిలి తాళంచెవులు అప్పగించినవారికి బ్యాంకులే కొంత సొమ్ము ముట్టజెప్పే పద్ధతి పెరిగింది. వివాదం ఎంత ఖర్చు తెస్తుందో లెక్క వేసుకున్నాకే బ్యాంకులు ఆ పద్ధతికి వచ్చాయి.

6. ఏజెంటు ఎదుర్కొనే అపాయం

ఈ జిల్లాల్లో ఇల్లు చూపించే పని చేసేవారిలో పూర్తికాలపు ఏజెంట్లు కొందరే. డాక్యుమెంట్ రైటర్లు, బీమా ఏజెంట్లు, దుకాణదారులు కూడా ఒకటి, రెండు శాతం కమీషన్ మీద ఈ పని చేస్తారు. అమ్మకం జరిగితేనే డబ్బు. అందుకే ఫోన్లో పిలిచిన కొత్త మనిషిని ఎవరని గట్టిగా అడగడానికి మొహమాటపడతారు. సాయంత్రం అయినా సరే, వెంచర్ ఎంత దూరమైనా సరే, బైకు మీద ఒంటరిగా వెళ్తారు. బయానా డబ్బు జేబులో పెట్టుకొని తిరిగి వస్తారు.

2016 రెరా చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాటో ఫ్లాటో అమ్మించే ఏజెంటు రిజిస్టర్ కావాలి. ఏజెంటు కొనుగోలుదారును మోసగించకూడదని 10వ సెక్షన్ కట్టుదిట్టం చేసింది. ఏజెంటు ఒంటి మీద దెబ్బ పడకుండా కాచే నియమం మాత్రం అందులో లేదు. పాత ఇంటి పునర్విక్రయం, బ్యాంకు వేలం ఆ రిజిస్ట్రేషన్ పరిధిలోకే రావు. అపాయం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ఇళ్ల విషయంలోనే ఏజెంటుకు సంస్థ అండ లేదు.

ఈ వృత్తిలోని ముప్పును లోకానికి తెలిపిన ఘటనలు ఉన్నాయి. లండన్ ఫుల్హమ్‌లో సూజీ లాంప్లూ అనే 25 ఏళ్ల ఏజెంటు 1986 జూలై 28న ఒక ఇల్లు చూపడానికి వెళ్లి కనిపించకుండా పోయింది. ఆమె డైరీలో కలవబోయే వ్యక్తి గురించి ఇంటిపేరు తప్ప మరే వివరమూ లేదు. అదే ఏడాది ఆమె తల్లిదండ్రులు ఆమె పేర స్థాపించిన సంస్థ, ఒంటరిగా పనిచేసేవారి భద్రత కోసం నేటికీ పనిచేస్తోంది. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో బెవర్లీ కార్టర్ అనే ఏజెంటును 2014 సెప్టెంబరు 25న ఖాళీ ఇల్లు చూపమని పిలిచి అపహరించి చంపారు. ఆమె ఒంటరిగా పనిచేసే మహిళ కావడమే కారణమని నిందితుడు విలేకరులతో అన్నాడు. రెండు ఘటనల్లోనూ కనిపించేది ఒకటే: పిలిచినవాడు ఎవరో సరిచూసే పద్ధతి లేదు, ఖాళీ ఇంటికి ఏజెంటు ఒంటరిగా వెళ్లడం మామూలు విషయంగా ఉంది. ఆ రెండూ పాలమూరులోనూ ఉన్నాయి.

మహిళా ఏజెంట్లకు మరో చట్టం అండగా ఉంది. పనిప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగ నిమిత్తం వెళ్లే ప్రతి చోటునూ, అక్కడికి యజమాని ఏర్పాటు చేసిన ప్రయాణాన్నీ పనిప్రదేశంగానే గుర్తిస్తుంది. పది మంది కన్నా తక్కువ మంది ఉన్న కార్యాలయాల్లో పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సైట్ విజిట్‌కు పోయిన వెంచర్‌లో జరిగిన వేధింపుకూ ఇది వర్తిస్తుంది.

7. ఇల్లు చూపే పద్ధతి

జాగ్రత్త ఇంటి దగ్గర కాదు, ఫోన్ దగ్గరే మొదలవ్వాలి. కొత్త కొనుగోలుదారును ముందు కార్యాలయానికో జనం తిరిగే చోటుకో పిలవాలి. ఆధార్‌నో మరో గుర్తింపు కార్డునో చూసి, పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు రాసుకోవాలి. నిజంగా కొనేవారు దీనికి నొచ్చుకోరు. నొచ్చుకొని వెనుదిరిగినవారి వల్ల పోయేది ఒక కమీషన్ మాత్రమే.

తరువాత ఇంటి స్థితి తెలుసుకోవాలి. స్వాధీనం సింబాలికా, భౌతికమా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? చివరిసారి లోపలికి వెళ్లింది ఎవరు, ఎప్పుడు? కరెంటు కనెక్షన్ ఉందా? ట్రిబ్యునల్‌లోగాని కోర్టులోగాని కేసు ఉందా? వీటికి బ్యాంకు నుంచి రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఇల్లు చూపకూడదు. స్వాధీనం సింబాలిక్ అయితే చొరవగా లోపలికి వెళ్లకూడదు. లోపల ఉన్నవారి అనుమతి ఉంటే తప్ప బయటి నుంచి చూపడంతోనే ఆగాలి.

మొదటిసారి తలుపు తీసేది బ్యాంకు అధీకృత అధికారి లేదా ఆయన పంపిన మనిషి కావాలి, ఏజెంటు కాకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే అపాయంలో పెద్ద భాగం తొలగుతుంది. తరువాతి సందర్శనలు పగటి వెలుగులో, ఇద్దరు కలిసి చేయాలి. ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి తిరిగి వస్తున్నదీ ఇంట్లోనో కార్యాలయంలోనో చెప్పి, ఫోన్‌లో లొకేషన్ పంచుకోవాలి. చెప్పిన వేళకు ఫోన్ రాకపోతే ఎవరు, ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోవాలి. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ అందని చోట్లకు ఇది మరీ అవసరం.

ఇంటి దగ్గర ముందు చుట్టూ చూడాలి. మారిన తాళం, పగిలిన కిటికీ, ఆరేసిన బట్టలు, కొత్త పొయ్యి మసి, బయట నిలిపిన బండి కనిపిస్తే లోపలికి పోకూడదు. లోపలికి వెళ్లినప్పుడు కొనుగోలుదారును ముందు నడవనిచ్చి, ఏజెంటు తలుపుకు దగ్గరగా ఉండాలి. మిద్దె మీదికి, వెనుక గదుల్లోకి వెంట వెళ్లనక్కర లేదు. బండిని బయటికి తిప్పి, దారి అడ్డం లేకుండా నిలపాలి. చేతిలో డబ్బు, ఒంటి మీద బంగారం తక్కువగా ఉండాలి. బయానా ఖాళీ ఇంట్లో కాక బ్యాంకు ఖాతా ద్వారా తీసుకోవాలి.

లోపల మనిషి కనిపిస్తే వాదించకూడదు, ఖాళీ చేయమనకూడదు, ఫొటో తీస్తూ నిలబడకూడదు. పొరపాటున వచ్చామని చెప్పి వెనుదిరిగి, దూరంగా వచ్చాక బ్యాంకుకు తెలపాలి. బెదిరింపు ఉంటే 112కు ఫోన్ చేయాలి. ఆ చిరునామా, తేదీ, సమయం, చూసినది రాసి ఉంచాలి. ఖాళీ చేయించడం ఏజెంటు పని కాదు. అందుకు అధికారం ఉన్నవారు వేరే ఉన్నారు, వారికి జీతమూ చట్టం అండా ఉన్నాయి.

8. సంస్థల బాధ్యత

స్వాధీనం చేసుకున్న ఆస్తిని, సాధారణ వివేకం గల యజమాని తన ఆస్తిని చూసుకున్నట్టు చూసుకోవాలని 2002 సెక్యూరిటీ ఇంటరెస్ట్ నియమాలు అధీకృత అధికారిని ఆదేశిస్తున్నాయి. ఆస్తి పాడుకాకుండా చర్యలు తీసుకోవాలని, అవసరమైతే బీమా చేయించాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. తాళం వేసి నోటీసు అంటించి హైదరాబాద్‌కు ఫైలు పంపితే ఆ విధి తీరదు. కాపలా మనిషి పేరు, ఫోన్ నంబరు తలుపు మీద ఉండాలి. పదిహేను రోజులకోసారి తేదీతో ఫొటోలు తీయించాలి. పక్కింటివారికి, వార్డు కౌన్సిలరుకు, ఠాణాకు సమాచారం ఉండాలి. అమ్మకపు నోటీసులో స్వాధీనం ఏ రకమో స్పష్టంగా రాయాలి.

ఇందులో రుణగ్రహీత ప్రయోజనం కూడా ఇమిడి ఉంది. అమ్మగా అప్పు, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము ఆయనదే. చాలకపోతే మిగతా బాకీ ఆయన మీదే ఉంటుంది. కిటికీలు, వైర్లు, మోటారు పోయి, కబ్జా తగాదాతో చవకబారిన ఇంటికి పాట తక్కువ పలికితే, ఆ నష్టం ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం మీదే పడుతుంది. ఖాళీ ఇంటిని కాయడం బ్యాంకు చేసే ఉపకారం కాదు, ఆ కుటుంబానికి బ్యాంకు పడ్డ బాకీ.

పురపాలికలు పన్ను పేరు మార్చే ముందు, విద్యుత్ సంస్థ కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు, తలుపు మీద స్వాధీన నోటీసు ఉందేమో చూడాలి. ఉంటే బ్యాంకుకు తెలపాలి. వృత్తి కబ్జాదారులకు చేతికందే కాగితాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. పోలీసులు తాజా చొరబాటు ఫిర్యాదును సివిల్ తగాదా అని తిప్పి పంపకూడదు. స్థిరపడిన నివాసాన్ని ఎవరో ఒకరి మాట మీద ఠాణాలో తేల్చనూ కూడదు. ఈ రెండింటి మధ్య తేడా రోజుల్లో ఉంది కాబట్టి, ఫిర్యాదు అందిన తేదీ, అప్పటికి లోపల ఎవరున్నారన్న పంచనామా కీలకం. ఏజెంట్ల సంఘాలు పట్టణానికొకటి ఏర్పడి, సందర్శనల నమోదు పుస్తకం, తోడు వెళ్లే వంతు, ప్రమాద బీమా అనే మూడు ఏర్పాట్లు చేసుకుంటే ఒంటరి ఏజెంటు అనే మాటే ఉండదు.

9. ఇల్లు లేనివారి ప్రశ్న

కబ్జాను కఠినంగా అరికట్టాలన్న వాదన, గూడు లేక చేరినవారిని నేరస్థులతో ఒకే గాటన కడితే అది న్యాయం కాదు. ప్రభుత్వం కూడా అలా కట్టలేదు. 2014 డిసెంబరు 30 నాటి 58వ నంబరు జీవో ద్వారా, 2014 జూన్ 2 నాటికి ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకొని ఉన్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించింది. ఆ జీవో ప్రైవేటు ఇళ్లకు వర్తించదు. బ్యాంకు స్వాధీనంలోని ఇంట్లో చేరిన పేద కుటుంబానికి అలాంటి ఆశ చూపి డబ్బు గుంజే దళారుల మాట నమ్మవద్దని చెప్పవలసిన పూచీ స్థానిక సంస్థల మీద ఉంది.

అలాంటి కుటుంబాన్ని ఖాళీ చేయించక తప్పనప్పుడు, గడువిచ్చి, పిల్లల పరీక్షలు, వానాకాలం చూసుకొని, ఇళ్ల పథకాల్లో అర్హత పరిశీలించే ఉద్యోగిని కూడా ఆ రోజు వెంట పంపాలి. కట్టి పంపిణీ చేయని ఇళ్లను అర్హులకు వెంటనే అప్పగించడం వల్ల, గూడు లేక ఖాళీ ఇంటి తాళం వైపు చూసే కుటుంబాలు తగ్గుతాయి.

ఖాళీ ఇంటికి సంబంధించిన బాధ్యతల వరుస దీన్నిబట్టి తేలుతుంది. నోటీసు అంటిన రోజు నుంచి కాపలా బ్యాంకుది. ఖాళీ చేయించే ఉత్తర్వు మేజిస్ట్రేటుది. దాన్ని శాంతియుతంగా అమలు చేయించడం పోలీసులది. వెళ్లిపోయే కుటుంబానికి మరో నీడ చూపడం ప్రభుత్వానిది. ఇవన్నీ ముగిసి, ఇల్లు నిజంగా ఖాళీగా ఉందని బ్యాంకు అధికారి రాసి ఇచ్చిన తరువాతే ఏజెంటు పని మొదలవుతుంది. ఈ వరుస తప్పి ఏజెంటు ముందు నిలబడిన ప్రతిచోటా, మిగతా నలుగురు చేయవలసిన పనిని ఒక్క మనిషి తన ప్రాణం పెట్టి చేస్తున్నట్టే. ఆ వరుసను నిలబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న నియమాలను మూడు జిల్లాల్లోని బ్యాంకు శాఖలు, కలెక్టరేట్లు, ఠాణాలు, పురపాలికలు అక్షరాలా పాటిస్తే సరిపోతుంది.